ఆర్టీసీ సమ్మె వాయిదా అట.. మమ్ముల ఎవలడిగిన్రు?

టిమ్_పట్టిన_చెయ్యి
2025 మే 7 నుంచి సమ్మె అన్నరని మే 5 నాడే బియ్యం బస్తా, రెండు కిలల కందిపప్పు, నూనె ప్యాకెట్లు తెచ్చి పెట్టిన. గ్యాస్ బుక్ చేసిన. 2019ల తిన్న దెబ్బకు ఇది అలవాటైంది, సమ్మె అంటే ముందుగాల వంటిల్లు చూసుకునుడు. 6 నాడు డ్యూటీల ఉన్న. ఏటూరునాగారం పోయొచ్చి హన్మకొండ బస్టాండ్ల బండి పెట్టినమో లేదో ఫోన్లు టింగుటింగుమన్నయ్. మంత్రితోని చర్చలైనయట, సమ్మె వాయిదా అట. డ్రైవరన్న నా మొకం చూసిండు, నేను ఆయన మొకం చూసిన. "అయితే రేపు ఫస్ట్ సర్వీస్ మనదేనా" అన్నడు. గంతే.

జనవరి 27న నోటీసు, 21 డిమాండ్లు, మూడు నెలల పొంటి గేటు మీటింగులు. ఆఖరుకు చేతికొచ్చింది ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీ.

సమ్మె చెయ్యాల్సిందే అని నేననుడు లేదు. పెండ్లిళ్ల సీజన్, ఎండలు, జనం ఆగమైతరు, నాకూ తెల్సు. నా ప్రశ్న ఒక్కటే. మంత్రి ముంగట కూసొని నా తరఫున సరే అన్నోళ్లను నేనెప్పుడు ఎన్నుకున్న?

స్టీరింగ్_మామ
ఎన్నుకున్నవు బిడ్డా, 2016ల. యాదికి తెచ్చుకో. మన తరఫున మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలల అప్పుడు టీఎంయూ (తెలంగాణ మజ్దూర్ యూనియన్) గెలిచింది, మనం గులాల్ చల్లుకున్నం. ఆ గుర్తింపు గడువు ఎప్పుడో ఒడిసింది, మళ్ల ఓటు పెట్టలే. పాస్ డేట్ అయిపోయినా కండక్టర్ చూడనట్టు ఊకున్నడు, గట్ల నడుస్తున్నది.

హంటర్‌రోడ్_రాజు
నాకొకటి అర్థం కాదు. మీకైనా వాయిదా వెయ్యడానికి సమ్మె అనేది ఒకటుంది. మా కంపెనీల జీతం పెంచమంటే "బయట చూస్కో" అంటరు. మీరేమో పర్మనెంట్, పీఎఫ్, పాసులు.

టిమ్_పట్టిన_చెయ్యి
@హంటర్‌రోడ్_రాజు తమ్మీ, ఒక్క నాడు నాతోని ములుగు బండి ఎక్కు. సీట్లు 50 లోపు, లోపట 90 మంది. ఆడోళ్ల ఫ్రీ జీరో టికెట్ అయినా కొట్టుడు కొట్టుడే, ఆధార్ చూసుడు చూసుడే. స్టేజీ వచ్చేలోపు అందరికి కొట్టకపోతే చెకింగోళ్లు ఎక్కి నన్నే అడుగుతరు. బొటనవేలు చూపిస్త రా, టిమ్ (టికెట్ మిషన్) బటన్లు నొక్కి నొక్కి కాయ కాసింది. పర్మనెంట్ అంటే గీ కాయ కూడ పర్మనెంటే.

హంటర్‌రోడ్_రాజు
సరే అక్కా, కాయ దగ్గర ఓడిపోయిన.

ములుగు_టీచరమ్మ
నేను ప్రయాణికురాలిగా మాట్లాడతా. 2019 అక్టోబర్ 5న సమ్మె మొదలైంది, సద్దుల బతుకమ్మకు ఒక్క రోజు ముందు. ముగ్గురు పిల్లలు, తంగేడు పూల సంచి, హన్మకొండలో మా అమ్మగారింటికి పోవాలి. అప్పటికప్పుడు పెట్టిన డ్రైవర్, కండక్టర్‌తో బస్సొకటి వచ్చింది. మిషన్ లేదు, టికెట్ లేదు, నోటికొచ్చిన చార్జి. అడిగితే "దిగుతవా" అన్నడు. ఆ డ్రైవర్ గేర్ మార్చిన ప్రతిసారి బస్సంతా దేవుణ్ని తలుచుకున్నం. బడులకు దసరా సెలవులు 19 వరకు పొడిగించిన్రు, పిల్లలు మాత్రం ఖుషీ అయిన్రు.

మీ కష్టం నాకు తెలుసు. కానీ ప్రతిసారి మధ్యలో నలిగేది మేమే అనిపిస్తది.

స్టీరింగ్_మామ
టీచరమ్మా, ఆ డ్రైవర్ ఎవలో నాకు తెల్వది గని ఆయన నడిపిన బండి నాది కావచ్చు. సమ్మె అయినంక నా బండి నా చేతికొచ్చేసరికి క్లచ్ వాసన కొడుతున్నది. పెండ్లాంను పుట్టింటి నుంచి తోలుకొచ్చినట్టు నెల రోజులు బుదరకిచ్చుకుంట నడిపిన.

పరకాల_పోరడు
😂 మామ ఫామ్‌ల ఉన్నడు

రిటైర్డ్_మెకానిక్
2019 ముచ్చట ఎత్తిన్రు కాబట్టి చెప్తున్న. నేను అప్పుడు సర్వీసుల ఉన్న. సెప్టెంబర్ నెల పని చేసిన జీతమే ఇయ్యలే. సమ్మె చేసిన నెల కాదు, చేసిన పనికి. దసరాకు ఇంట్ల కొత్త బట్ట లేదు. అక్టోబర్ 5 సాయంత్రం 6 గంటల లోపు రాకపోతే సెల్ఫ్ డిస్మిస్ అని కేసీఆర్ అన్నడు. 48 వేల పైచిలుకు మందిమి ఉంటిమి, వచ్చినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నవంబర్ల పత్తి ఏర పోయిన. అవును, 32 ఏండ్లు ఇంజన్లు విప్పిన చేతులతోని. మా తమ్ముని చేను నర్సంపేట దిక్కు. కాయ పెంకు అంచు ఎంత పదునుంటదో అప్పుడు తెలిసింది, గోర్ల సందుల రక్తం కారేది. పక్క సాల్ల ఏరే ముసలవ్వ నా చేతులు చూసి "బస్సులు బాగుచేసే సారువట గదా, గింత సుకుమారమేంది బిడ్డా" అన్నది. ఆమె నలభై కిలలు ఏరింది, నేను పద్నాలుగు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన డీసీఎం డ్రైవర్ గూడ మనోడే, పక్క డిపోల డ్రైవర్. ఒకళ్లనొకళ్లం చూసుకొని నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

ఖమ్మం డ్రైవర్ ఒంటికి నిప్పు పెట్టుకున్నడన్న వార్త విన్ననాడు మా ఇంటామె నా అగ్గిపెట్టె దాచిపెట్టింది. నేను బీడీ తాగేటోణ్ని, దానికోసం గూడ ఆమెను అడగాల్సి వచ్చింది. ఇది ఇప్పటిదాక ఎవలకు చెప్పలే.

టిమ్_పట్టిన_చెయ్యి
😔 కాకా.

చట్టం_చుట్టం
అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. అక్క అడిగినదానికి చట్టంలో జవాబుంది. ఈ 2025 మే నాటికి ఉన్న చట్టాల లెక్క ఇది. సర్కారు ప్రకటిస్తే ఆర్టీసీ ప్రజోపయోగ సర్వీసు కిందికి వస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టం 1947, సెక్షన్ 22 ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 14 రోజులు ఆగాలి. లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు మొదలైతే, అవి నడుస్తున్నన్ని రోజులూ, ముగిశాక ఇంకో 7 రోజులూ సమ్మె చేయకూడదు. నోటీసు లేకుండా పది మంది కలిసి డ్యూటీ మానేస్తే 8 రోజుల జీతం దాకా కోసే వీలు వేతనాల చెల్లింపు చట్టంలో ఉంది.

2019లో హైకోర్టులో పెద్ద వాదన దీనిమీదే. సమ్మె చట్టబద్ధమా కాదా తేల్చేది మేం కాదు, లేబర్ కోర్టు అని చెప్పి, నవంబర్ 18న విషయాన్ని లేబర్ కమిషనర్‌కు పంపింది. సరిగ్గా వారానికి 25న ఆర్టీసీ సంఘాల జేఏసీ సమ్మె విరమించింది.

ఇక ఎన్నిక సంగతి. రాజీ కుదిరితే ఆ 1947 చట్టం సెక్షన్ 12(3) కింద ఒప్పందం రాసుకుంటారు, అది అందరికీ వర్తిస్తుంది. ఓట్లతో గెలిచిన గుర్తింపు సంఘం ఉంటే సంతకానికి బలం ఉంటుంది. లేకపోతే ఇవాళ చెప్పిన మాట రేపు ఎవరి మీద ఉందో తెలీదు.

స్టీరింగ్_మామ
గీ సెక్షన్లన్ని మీకు. మాకు ఒకటే సెక్షన్, డిపో మేనేజర్ చాంబర్.

చట్టం_చుట్టం
@స్టీరింగ్_మామ అందుకే మామా అది మారాలంటున్నా.

భూపాలపల్లి_నల్లబంగారం
మా సింగరేణిల చూడుండ్రి. 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘానికి గుప్త ఓటు పడ్డది, ఏఐటీయూసీ సంఘం గెలిచింది. నేను వేరే సంఘానికి వేసిన, ఓడిపోయిన, అయినా ఎవని కాలర్ పట్టాల్నో తెల్సు. జీతం లెక్క దేశమంత బొగ్గు గనులకు ఒక్కటే, 11వ వేజ్ బోర్డుల 19 శాతం. ఆలస్యం మాకూ అయితది, 2021 జులై నుంచి రావాల్సింది 2023 మేల సంతకం అయింది. కానీ అయింది! మీది ఇంక 2017 దగ్గర్నే తిరుగుతున్నది కదా?

స్టీరింగ్_మామ
నల్లబంగారం తమ్మీ, మాకు నాలుగేండ్లకొక్కసారి పీఆర్సీ, అంటే జీతాల సవరణ. 2013ది 2015ల వచ్చింది, 8 రోజులు మేల సమ్మె చేస్తే. 44 శాతం! ఆంధ్రోళ్లకు 43, మనకు ఒకటెక్కువ, దానికే ఎంత మురిసినమో. ఎరియర్స్ల సగం బాండ్లు ఇచ్చిన్రు. ఆ బాండ్ కాయితం మా బీరువాల పెండ్లి ఫొటో కింద పండుకున్నది. 2024 ఫిబ్రవరిల 280 కోట్లు విడుదల అంటే కదిలింది.

2017ది 16 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి)తోని నెట్టుకొచ్చిన్రు. అసలుది 2024 మార్చిల 21 శాతం అన్నరు, జూన్ జీతం నుంచి కలిసింది. ఎరియర్స్ రిటైర్ అయిననాడు అట. అంటే 2017ల చేసిన పనికి 2030ల పైసలు తీసుకునేటోడు కూడ ఉన్నడు. 2021 పీఆర్సీ, 2025 పీఆర్సీ ఇంక పేరు గూడ పెట్టలే.

లెక్కల_సారు
ఎవరూ చెప్పని వైపు నేను చెప్తా, తిట్టుకోండి. ఆ 21 శాతానికి ఏడాదికి 418 కోట్ల పైన భారం అని సర్కారే లెక్క చెప్పింది. అంటే ఒక్క శాతం దాదాపు 20 కోట్లు. ఇప్పుడు రెండు పీఆర్సీలు ఒకేసారి అడిగితే ఎక్కడి నుంచి? టికెట్ మీద వెయ్యాలి. 2019లో సమ్మె అయిపోంగనే డిసెంబర్‌లో కిలోమీటరుకు 20 పైసలు పెంచిన్రు, గుర్తుందా? ఆ రోజు నుంచి మా కాలేజీ పిల్లల బస్ పాస్ కూడా పెరిగింది. సమ్మె చేసింది మీరు, కట్టింది మేము.

టిమ్_పట్టిన_చెయ్యి
@లెక్కల_సారు సారూ, లెక్క మంచిగ చేసిన్రు. ఇంకొకటి చెయ్యండి. 2019ల 48 వేల పైన ఉన్నోళ్లం, 2023ల ఆర్టీసీని సర్కార్ల కలిపే విలీనం బిల్లుల 43,373 అని రాసుకున్నరు. అంటే నాలుగేండ్లల ఐదు వేల జీతాలు మిగిలినయ్. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ, బస్సులు కిక్కిరిసినయ్. మనుషులు తగ్గిన్రు, పని డబులైంది. ఈ మిగులు ఏ కాలంల రాస్తరు?

లెక్కల_సారు
@టిమ్_పట్టిన_చెయ్యి ఈ పాయింట్‌కు నా దగ్గర జవాబు లేదమ్మా. 3,038 పోస్టులు భర్తీ అంటున్నరు కదా.

టిమ్_పట్టిన_చెయ్యి
అంటున్నరు సార్. మేం గూడ పదేండ్ల సంది వింటున్నం.

ఆటో_అంజన్న
ఆడోళ్ల ఫ్రీ బస్సు, గా మహాలక్ష్మి మీకు పని డబుల్ చేసిందేమో, మాకు సగం చేసింది. హన్మకొండ చౌరస్తాల పొద్దుందాక కూసున్నా ఆడ సవారి దొరుకుత లేదు. నిజం చెప్పాల్నంటే మే 7 కోసం నేను ఎదురు చూసిన. ఆయిల్ మార్పిచ్చి పెట్టిన. మీరు వాయిదా ఏసి నా నోట్ల మట్టి కొట్టిన్రు.

స్టీరింగ్_మామ
అంజన్నా, నీ ఆయిల్ పైసలు 22వ డిమాండ్ పెడతం.

పరకాల_పోరడు
విలీనం అయిపోతే ఈ పంచాయితీ అంత ఒడుస్తది కదా? 2023 ఆగస్టుల అసెంబ్లీల బిల్లు పాసైంది, గవర్నర్ సంతకం కూడ అయింది. మా బాపు ఆ రోజు మిఠాయి పంచిండు. ఇప్పటికీ సర్కార్ ఉద్యోగి కాలేదు. అమల్లోకి వచ్చే తేదీ నోటిఫై చెయ్యలేదట. పిల్ల నచ్చింది, కట్నం మాట్లాడుకున్నరు, లగ్గం తేదీ పెట్టుకోలే.

విజయవాడ_కోడలు
మా ఆయన ఏపీలో డ్రైవర్, నేను పుట్టింది కాజీపేట. అక్కడ 2020 జనవరి 1 నుంచి ప్రజా రవాణా శాఖ అని విలీనం అయిపోయింది. జీతం టైముకు ఖజానా నుంచి పడుతోంది, అది చాలా పెద్ద నిమ్మళం. కానీ అంతా తేనె కాదు. ముందు ఉన్న ఆర్టీసీ ఆసుపత్రి సదుపాయం, అలవెన్సులు, ఇలాంటి వాటి మీద ఇంట్లో రోజూ సణుగుడే. "ఇప్పుడు సమ్మె అంటే సర్వీస్ రూల్స్ ఉన్నాయి, నోరెత్తలేం" అంటాడు.

చట్టం_చుట్టం
కోడలుగారి మాట చాలామంది పట్టించుకోరు. ప్రభుత్వ ఉద్యోగికి సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తేల్చేసింది. విలీనం అయితే జీతానికి భద్రత, సమ్మెకు సెలవు. 1947 చట్టం హక్కులు వదులుకుని అక్కడికి పోతారు. ఏది కావాలో ఓటు పెట్టి అడగాల్సిన విషయం ఇది.

రిటైర్డ్_మెకానిక్
@చట్టం_చుట్టం వకీలు సారూ, నాకొచ్చే పీఎఫ్ (ఈపీఎస్) పింఛన్ మూడు వేల చిల్లర. నెలకు బీపీ గోళీలు, షుగర్ గోళీలు పోను మిగిలింది నా మనవని చిప్స్‌కు సరిపోతది. సమ్మె హక్కు పెట్టుకొని ఏం చేస్కుంట? మా వయసోళ్లను అడుగుతే విలీనమే అంటరు, కండ్లు మూసుకొని.

టిమ్_పట్టిన_చెయ్యి
నాకింక 19 ఏండ్ల సర్వీసు ఉంది కాకా. నేను కండ్లు తెరిచి చూడాలె.

అద్దెబస్సు_డ్రైవర్
మీరంతా కొట్లాడుతున్నరు, నేనొకటి అడుగుతా. నేను అద్దె బస్సు నడుపుత. బస్సు మీద ఆర్టీసీ అని రాసుంటది, నా జీతం ఓనర్ ఇస్తడు, నెల ఆలస్యంగ. పీఎఫ్ ఉందో లేదో నాకే తెల్వది. మీ 21ల నా పేరు ఉందా? మొన్న వరంగల్-2 డిపోకు ఎలక్ట్రిక్ బస్సులొచ్చినయ్. బస్సు కంపెనోళ్లది, డ్రైవర్ కంపెనోళ్ల మనిషి, కిలోమీటర్‌కు ఇంత అని ఆర్టీసీ కడుతది, కండక్టర్ మాత్రం మీరు. పదేండ్లకు నా అసుంటోళ్లే ఎక్కువుంటరు. అప్పుడు సమ్మె నోటీసు ఎవలిస్తరు?

స్టీరింగ్_మామ
ఇది మాత్రం సూటిగ గుచ్చినవ్ తమ్మీ. మా గేటు మీటింగుల "ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీయే కొనాలె" అని నినాదం ఇస్తం. గేటు బయట నిలబడ్డ మిమ్ముల రమ్మని మాత్రం పిలువం. తప్పే.

పరకాల_పోరడు
అసలు యూనియన్లు ఉన్నప్పుడు మాత్రం ఏం చక్కగున్నది? మా బాపు చెప్పేది, లీడర్లకు డ్యూటీ ఉండదు, ఆఫీసుల కూసొని చాయ్ తాగుడే. మంచి రూట్ కావాల్నంటే ఆ సంఘం, సెలవు కావాల్నంటే ఈ సంఘం. మంత్రి గారు గౌరవాధ్యక్షుడు, ఆయనతోనే జీతాల బేరం. మీటింగుకు పోకపోతే డ్యూటీ చార్టుల రూట్ లేకుండ స్పేర్ పడేది. అందుకే 2019 డిసెంబర్ 1న ప్రగతి భవన్‌ల కేసీఆర్ "రెండేండ్లు యూనియన్లు వద్దు, డిపోకు ఇద్దరితోని సంక్షేమ కమిటీలు" అంటే చాలా మంది చప్పట్లు కొట్టిన్రు. ఆ రోజే సమ్మె కాలం జీతం, 60 ఏండ్ల రిటైర్మెంట్, ఆడోళ్లకు రాత్రి 8 లోపు డ్యూటీ దిగుడు, అన్ని ఇచ్చిండు కదా.

టిమ్_పట్టిన_చెయ్యి
ఇచ్చిండు తమ్మీ, లేదనను. జీతం పడ్డనాడు ఏడ్సిన. ఎనిమిది గంటల మాట గూడ కొన్నాళ్లు నడిచింది. ఇప్పుడు ఫ్రీ బస్సు రద్దీల ట్రిప్పు లేటయితది, క్యాష్ కట్టి, టిమ్ అప్పజెప్పి బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎవలకు చెప్పాలె? సంక్షేమ కమిటీల మెంబర్‌కు చెప్తే, ఆమె గూడ నా తోటి కండక్టరే, ఆమె గూడ తొమ్మిదిన్నరకే దిగుతది. "నేను సుత గదే అడుగుదామనుకుంటున్న అక్కా" అన్నది.

యూనియన్ వద్దని సంతకం పెట్టుమని మా డిపోల కాయితం ఇచ్చిన్రు. 52 రోజుల తర్వాత పిల్లలకు పాలు కొనాల్నా, కాయితం చదవాల్నా? పెట్టిన. గులాంగిరి చేసే లీడర్ పోవాలె అనుకున్న, నిజమే. గని ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది.

భూపాలపల్లి_నల్లబంగారం
మంచిగన్నవు చెల్లె. మా దగ్గర గూడ పైరవీ లీడర్లు కుప్పలు. వాణ్ని ఓటుతోని దించుతం, అంతే తేడా.

ములుగు_టీచరమ్మ
ఒక అమాయకపు ప్రశ్న. ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీ అంటున్నరు, వాళ్లు రిపోర్ట్ ఇస్తే అయిపోతది కదా?

స్టీరింగ్_మామ
టీచరమ్మా 🙏 2019ల గూడ ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీయే. అక్టోబర్ 4న చర్చలు ఫెయిల్, 5న సమ్మె. మాకు త్రిసభ్య కమిటీ అంటే మేడారం జాతర అసుంటిది, మళ్ల మళ్ల వస్తనే ఉంటది.

ఆటో_అంజన్న
జాతరల బెల్లమన్న దొరుకుతది మామా.

హంటర్‌రోడ్_రాజు
🤣🤣

లెక్కల_సారు
నేను మొదట గట్టిగా అన్నా, కొంచెం సర్దుకుంటున్నా. పైసలు లేవన్నది నిజమే అయినా, ఆ మాట ఓట్లు వేసి గెలిచినోళ్లకు ఎదురుగా కూసొని చెప్తే వాళ్లు డిపోకు పోయి మీకు చెప్తరు, మీరు వాళ్లను తిడ్తరు. ఇప్పుడు టీవీలో చెప్తున్నరు, మీరు టీవీని తిడుతున్నరు. కానీ ఫిట్‌మెంట్ (జీతం పెంపు శాతం) విషయంలో నా మాట మారదు, రెండు పీఆర్సీలు ఒక్కసారి కష్టమే.

టిమ్_పట్టిన_చెయ్యి
@లెక్కల_సారు కష్టమే అని నాకూ తెల్సు సారూ. ఎంత తగ్గించుకోవాల్నో నన్ను అడిగి తగ్గించుమంటున్న.

నిన్న గేటు మీటింగ్ అయింది, చెప్పుడు మర్చిన. మైకు ఇయ్యలే గని ముందుకు పోయి అడిగిన. "అన్నా, వాయిదాకు ఒప్పుకునే ముందు ఒక్క డిపోల అన్నా చేతులెత్తిచ్చి అడిగిన్రా?" అందరు ఊకున్నరు. లీడరన్న మంచోడే, కోప్పడలే. "టైం లేకుండె చెల్లె. గుర్తింపు ఎన్నికలు పెట్టాల్నన్నది గూడ మన డిమాండే" అన్నడు. "21ల అది ఎన్నోది?" అన్న. జేబులకెళ్లి కాయితం తీసిండు. మడతలు విప్పి పైనుంచి కిందికి చదివిండు, మళ్ల పైనుంచి మొదలు పెట్టిండు. గంతల నా బండి హారన్ కొట్టిండ్రు, వచ్చేసిన.

స్టీరింగ్_మామ
హారన్ కొట్టింది నేనే. టైం అయింది మరి.

ములుగు_టీచరమ్మ
😄 ఇద్దరూ ఒకే బండా!

టిమ్_పట్టిన_చెయ్యి
అవును టీచరమ్మా, మొదటి పోస్టుల డ్రైవరన్న ఈయనే. ఇంట్ల బియ్యం బస్తా అట్లనే ఉంది మామా, ఎండలకు లక్కపురుగు పడుతున్నది.

స్టీరింగ్_మామ
వేపాకు ఎండబెట్టి బస్తాల వెయ్యి బిడ్డా. కమిటీ రిపోర్ట్ వచ్చేదాక ఆగుతయ్.